పోగులు లెక్కపెట్టగలిగే గుడ్డ కావాలి

అనంతపురంలో గానీ, కర్నూలులో గానీ, కడపలో గానీ బట్టల అంగళ్లున్న ఏ వీధిలోకి వెళ్లినా ‘మగ్గం వర్క్ చేయబడును’ అన్న బోర్డు కనిపిస్తుంది. పెళ్లి రవికె అంటే చేతుల నిండా జర్దోసీ, పూసలు, కుందన్లు ఉండాలన్న అభిప్రాయం ఇప్పుడు పల్లెల్లో కూడా స్థిరపడింది. ఆ పని చేసేవారి నేర్పు పట్ల నాకు గౌరవం ఉంది. అయితే గుడ్డ మీద ముందుగా బొమ్మ అచ్చు వేసుకుని ఆ గీతల వెంట సూది నడిపే పని ఒక తెగ. గుడ్డ మీద గీత అన్నదే లేకుండా, పడుగు (నిలువు) పోగులనూ పేక (అడ్డం) పోగులనూ లెక్కపెట్టుకుంటూ, ఆ లెక్కలోంచే బొమ్మను పైకి తెచ్చే పని మరొక తెగ. ఈ రెండో తెగను లెక్క కుట్టు అందాం, అది మన మూడు జిల్లాల్లో అరుదైపోయింది. ఎందుకని అడిగితే ఈ కాలపు ఆడపిల్లలకు ఓపిక లేదనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. నేను ఆ మాటను ఒప్పుకోను. రవికె చేతి మీద వారం రోజులు కూర్చుని పూసలు కుట్టే పిల్లలకు ఓపిక లేదనడం అన్యాయం. లేనిది గుడ్డ. పోగులు కంటికి ఆనే, లెక్కకు నిలిచే గుడ్డ బజారులో దొరకడం మానేసింది కాబట్టి ఆ కుట్టు కూడా చేతుల్లోంచి జారిపోయింది. నేతగాళ్లున్న ఈ నేల మీద ఆ లోటు తీర్చుకోవడం అసాధ్యమేమీ కాదన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

లెక్క కుట్టుకు మొదటి షరతు, గుడ్డలో అంగుళానికి ఎన్ని పడుగు పోగులున్నాయో అన్నే పేక పోగులూ ఉండాలి. 56 గళ్ల వెడల్పు, 56 గళ్ల ఎత్తు ఉన్న హంస బొమ్మ ఒకటి గ్రాఫు కాగితం మీద ఉందనుకుందాం. అంగుళానికి 28 పోగుల చొప్పున రెండు వైపులా సమానంగా నేసిన గుడ్డ మీద రెండేసి పోగులకు ఒక గడి లెక్కన కుడితే అంగుళానికి 14 గళ్లు వస్తాయి, హంస సరిగ్గా నాలుగు అంగుళాల చదరంలో కూర్చుంటుంది. అదే గుడ్డలో పడుగు 28, పేక 24 ఉంటే వెడల్పు నాలుగు అంగుళాలే ఉన్నా ఎత్తు నాలుగు అంగుళాల ముప్పాతికకు దగ్గరగా పోతుంది. హంస మెడ కొంగ మెడలా సాగుతుంది, కింద ఉన్న తామరపువ్వు కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. కుట్టినవారు ఒక్క పోగు కూడా తప్పి ఉండకపోవచ్చు. గుడ్డ వంకరకు కుట్టు బాధ్యత వహించవలసి వస్తుంది.

రెండో షరతు సూదికి సంబంధించినది. లెక్క కుట్టుకు మొన మొద్దుగా, కన్ను పెద్దగా ఉండే సూది వాడతారు, అంగుళానికి 14 గళ్లు వచ్చే గుడ్డకు సాధారణంగా 24వ నంబరు. పదునైన సూది పోగును చీల్చుకుని మధ్యలోంచి దిగుతుంది, దానితో లెక్క అరపోగు జరుగుతుంది, పక్క గడిలోని కుట్టు దీనికి ఒరిగిపోతుంది. మొద్దు సూది పోగును పక్కకు జరిపి సందులోంచి మాత్రమే దిగుతుంది. దారం కూడా లెక్కలోనిదే. యాంకర్ కంపెనీ దారం కట్ట విప్పితే ఎనిమిది మీటర్ల పొడవున ఆరు పోగులు కలిసి ఉంటాయి, 14 గళ్ల గుడ్డకు అందులోంచి రెండు పోగులు విడదీసుకుంటే చాలు. ఆరూ ఒకేసారి సూదికి ఎక్కిస్తే గడి నిండిపోయి గుడ్డ ఉబ్బుతుంది.

అందరికీ తెలిసిన క్రాస్ స్టిచ్ ఈ తెగలో అన్నిటికన్నా సులువైనది. మన ఇళ్లలో రేడియో కవర్ల మీద, దిండు గలీబుల మీద, గోడకు తగిలించిన ‘స్వాగతం’ పటాల మీద ఉండేది అదే. పాలస్తీనా స్త్రీలు తమ గౌనుల రొమ్ము భాగం మీద ఎర్రదారంతో నింపేది కూడా ఇదే. తత్రీజ్ అనే ఆ కళను యునెస్కో 2021లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. సులువైనదే అయినా ఇందులోనూ ఒక నియమం ఉంది. ప్రతి గుణకం గుర్తులోనూ పై చెయ్యి ఒకే దిక్కుకు వాలి ఉండాలి. కొన్ని ఎడమకూ కొన్ని కుడికీ వాలితే వెలుతురు పడినప్పుడు దారం మెరుపు ముక్కలవుతుంది, దూరం నుంచి చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో అతుకు కనిపిస్తుంది. వరుస మొత్తానికి కింది చేతులన్నీ వేసుకుంటూ పోయి, తిరుగు దారిలో పై చేతులు వేసుకుంటూ వస్తే ఈ తప్పు జరగదు, గుడ్డ వెనక కూడా నిలువు గీతలు మాత్రమే పడి దారం ఆదా అవుతుంది.

నా మనసు మాత్రం కసూతి మీదే నిలుస్తుంది. ధారవాడ, హుబ్బళ్లి ప్రాంతాల ఈ కుట్టు ఇల్కల్ చీరల మీద పెరిగింది. బళ్లారి సరిహద్దు పొడవునా ఉన్న మన రాయదుర్గం, ఉరవకొండ, గుంతకల్లు వైపు ఇళ్లకు కోడళ్ల పెట్టెల్లో వచ్చి చేరింది. గోపురం, రథం, పల్లకి, ఏనుగు, తులసికోట, దీపాల వరుస దాని బొమ్మలు. గవంతి, ముర్గి, నేయ్గె, మెంథె దాని నాలుగు కుట్లు. మెంథె క్రాస్ స్టిచ్చే, ముర్గి మెట్లుమెట్లుగా వంకరలు తిరిగే గీత, నేయ్గె నేతను పోలినది. నాలుగింటిలో గవంతి గొప్పది. దానితో కుట్టిన గుడ్డకు బోర్లా వెల్లకిలా తేడా ఉండదు, ముడి అన్నది ఎక్కడా కనిపించదు.

అది ఎలా సాధ్యమవుతుందో దగ్గరగా చూడవలసిన సంగతి. కుట్టుకు నాలుగు పోగుల లెక్కన ఒక దీపస్తంభం కుట్టాలనుకుందాం. నాలుగు పోగులు గుడ్డ పైన, తరువాతి నాలుగు గుడ్డ కింద, మళ్లీ నాలుగు పైన. మూడు కుట్లయ్యాక పక్కకు రెండు కుట్ల పొడవున్న కొమ్మ ఒకటి ఉంది. స్తంభాన్ని అక్కడే ఆపి కొమ్మలోకి తిరగాలి. మొదటి కుట్టు కింద, రెండోది పైన. కొమ్మ చివర తాకగానే అదే దారిన వెనక్కి రావాలి, ఇప్పుడు చివరి కుట్టు కింద, మొదటి కుట్టు పైన. అంటే వెళ్లేటప్పుడు వదిలిన ఖాళీ వచ్చేటప్పుడు నిండింది, కొమ్మ రెండు ముఖాల మీదా పూర్తయింది. స్తంభాన్ని చేరేసరికి సూది ఎక్కడ ఉండాలో అక్కడే, గుడ్డ అడుగునే ఉంటుంది, స్తంభంలో తరువాతి కుట్టు కిందుగా సాగిపోతుంది. కొమ్మ ఎంత పొడవున్నా వెళ్లి రావడానికి పట్టే కుట్లు ఎప్పుడూ సరిసంఖ్యే. అందుకే స్తంభం లెక్క చెడదు. కొమ్మకు రెమ్మలున్నా, రెమ్మకు పూలున్నా ఇదే సూత్రం. అన్నీ చుట్టి చివరకు చేరి, స్తంభం వెంట తిరుగు ప్రయాణం చేస్తూ మిగిలిన ఖాళీలు నింపుకుంటూ బయలుదేరిన చోటికే వస్తాం. అక్కడ మొదట్లో వదిలిన దారం కొస, ఇప్పుడు చేతిలో ఉన్న కొస కలుస్తాయి. రెండింటినీ కుట్ల కిందకు దూర్చేస్తే ముడి అవసరమే రాదు.

గణితం చదివినవారికి ఇది ఆయిలర్ సంగతి. కోనిగ్స్‌బర్గ్ ఊరిలోని ఏడు వంతెనలనూ ఒక్కొక్కసారి మాత్రమే దాటి రావడం కుదరదని ఆయన 1736లో నిరూపించాడు. ఆ ఆలోచననే కొనసాగిస్తే, ప్రతి దారి మీదా సరిగ్గా రెండుసార్లు నడవడానికి ఒప్పుకుంటే, విడిపోకుండా కలిసి ఉన్న ఏ బొమ్మనైనా తెంపు లేకుండా చుట్టి మొదలుపెట్టిన చోటికి రావచ్చని తేలుతుంది. బడి మెట్లెక్కని స్త్రీలు గోపురం మొదట ఏ గీతతో ఎత్తుకోవాలో, ఏ కొమ్మను ముందు ముగించాలో మనసులోనే తేల్చుకుని సూది పట్టారు. ఇది లెక్క కాదనే ధైర్యం నాకు లేదు. ఇదే కుట్టు ఐరోపాలో నల్లదారంతో తెల్లని చొక్కాల అంచుల మీద కనిపిస్తుంది. హన్స్ హోల్బైన్ అనే చిత్రకారుడు ఇంగ్లండు రాణి జేన్ సీమూర్ చిత్రంలో ఆమె ముంజేతి అంచుల మీద దాన్ని ఎంత శ్రద్ధగా చిత్రించాడంటే, ఆ కుట్టుకు అక్కడ ఆయన పేరే స్థిరపడింది. మన పక్క రాష్ట్రంలో గవంతిగా బతికి ఉన్న కుట్టును మన పిల్లలు కుట్టు తరగతుల్లో, నేర్పితే గిర్పితే, హోల్బైన్ స్టిచ్‌గానే వింటున్నారు.

నేతను పోలిన కుట్లది వేరే అందం. పంజాబు ఫుల్కారీని ముతక ఖద్దరు మీద మెలిపెట్టని పట్టుదారంతో, గుడ్డను బోర్లించి వెనక వైపు నుంచి పోగులు లెక్కపెడుతూ కుడతారు. కుట్టేవారి కంటికి ఎదురుగా ఉండేది చుక్కలు చుక్కలుగా కనిపించే వెనక ముఖం, పువ్వు అవతలి వైపు విచ్చుకుంటుంది. నీలగిరుల్లో తోడా స్త్రీలు తెల్లని ముతక గుడ్డ మీద ఎరుపు, నలుపు దారాలతో ఇలాగే గీత లేకుండా కుడతారు. ఆ కుట్టుకు 2013లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. నార్వేలోని హార్డాంగర్ కుట్టులో నాలుగు పోగుల మీదుగా ఐదు కుట్లు పక్కపక్కనే వేసి గట్టి దిమ్మెలు కట్టి, ఆ తరువాత వాటి మధ్య పోగులను కత్తిరించి తీసేసి జాలీ చేస్తారు. కుట్లు పోగు కొసను ఎక్కడ పట్టి ఉంచాయో అక్కడే కత్తెర పెట్టాలి. పక్క వైపు పెడితే గుడ్డ విచ్చిపోతుంది, దానికి మందు లేదు. ఈ మూడింటికీ ఉన్న పొత్తు ఒకటే. వీటిలో ఏదీ జారుడు పాలిస్టరు మీద గానీ, పోగు కనిపించని సన్నని శాటిన్ మీద గానీ పుట్టి ఉండేది కాదు.

మన జిల్లాల్లో ఈ మాటకు సాక్ష్యం సుగాలీ తండాల్లో ఉంది. గుత్తి దగ్గరి సేవాగఢ్ సుగాలీల ఆరాధ్యుడు సేవాలాల్ మహారాజ్ జన్మస్థలం. ఫిబ్రవరిలో ఆయన జయంతికి అక్కడికి వచ్చే స్త్రీల లంగాల మీదా రవికెల మీదా అద్దాలు, గవ్వలు, నాణేలు మాత్రమే అందరి కంటా పడతాయి. వాటి చుట్టూ ఉండే చదరాల, వాలుగీతల, వజ్రాకారాల కుట్టును నిలబడి చూసేవారు తక్కువ. బళ్లారి జిల్లా సండూరు లంబాణీల (సుగాలీలకు అక్కడి పేరు) కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందులో పద్నాలుగు రకాల కుట్లకు పేర్లున్నాయి. అవన్నీ లెక్క కుట్లు కావు, గొలుసు కుట్టు వంటివి స్వేచ్ఛగా నడుస్తాయి. అయినా ఆ చదరాలు అంత సూటిగా నిలబడడానికి కింద ఉన్న మందపాటి చేనేత గుడ్డ పోగుల దారే ఆధారం. గుత్తి వైపు తండాలో ఒక అవ్వ తన పాత లంగా చూపిస్తూ, నేను ముందు వైపే చూస్తూ మురిసిపోతుంటే, “ముందర ఏముంది తల్లీ, తిప్పి చూడు” అని తానే తిప్పి పరిచింది. వెనక వైపు కూడా అంతే నిండుగా, అంతే శుభ్రంగా ఉంది. ఇప్పుడెందుకు కుట్టడం లేదవ్వా అని అడిగినప్పుడు ఆమె కళ్ల గురించి గానీ వయసు గురించి గానీ చెప్పలేదు. “ఇప్పటి గుడ్డలో పోగు యాడుంది? సూది యాడ దించాల?” అంది. ఈ వ్యాసమంతా ఆ రెండు ప్రశ్నలకు నేను వెతుక్కుంటున్న జవాబు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో ఒకటి నాకు నిజంగా ఆలోచించదగినదిగా కనిపిస్తుంది. లెక్క కుట్టులో కళ ఏముంది, గళ్ల కాగితం చూసి గుడ్డ మీదకు ఎక్కించడమే కదా, తీగనో నెమలినో మనసుకు తోచినట్టు గీసి కుట్టేదే అసలైన సృష్టి కదా అని చిత్రలేఖనం తెలిసిన మిత్రులు అంటారు. చార్టు కొని, రంగు నంబర్లు చూసుకుంటూ గళ్లు నింపడంతోనే తృప్తి పడేవారి విషయంలో ఇందులో కొంత నిజముంది. అయితే వంపు తిరిగే గీతను చదరాల్లో ఎలా చెప్పాలి, ఏనుగు తొండాన్ని మూడు మెట్లలో దించాలా ఐదు మెట్లలోనా, కన్నుకు ఒక గడి వదిలితే సరిపోతుందా అన్న నిర్ణయాలు తీసుకున్నది ఎవరు? లేపాక్షి లతామండపం స్తంభాల మీది నగిషీలు ధర్మవరం చీర అంచుల్లోకి ఎక్కినప్పుడు జరిగిన పని కూడా ఇదే. జకార్డు మగ్గానికి బొమ్మను ముందు గ్రాఫు మీద గళ్లు నింపుతూ గీస్తారు, ఏ పేకకు ఏ పడుగు పోగు లేవాలో దాన్నిబట్టే అట్టలకు రంధ్రాలు పొడుస్తారు. ఆ గ్రాఫు గీసేవారిని మనం డిజైనరు అని గౌరవంగా పిలుస్తాం. పోగుకు కట్టుబడిన బొమ్మ మగ్గం మీద కళ అయినప్పుడు సూది మీద కాకుండా పోదు.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రం ఉండగా చేత్తో ఎందుకన్న మాట మీద ఎక్కువసేపు ఆగనవసరం లేదు. ఆ యంత్రానికి పై దారం వేరు, కింద బాబిన్ దారం వేరు, రెండూ గుడ్డ మధ్యలో కొక్కెం వేసుకుంటాయి. ఒకే దారం గుడ్డ పైనా కిందా నడిచి రెండు ముఖాలనూ ఒకేలా నింపే గవంతి దాని పనితీరులోనే లేదు. పైగా అది గుడ్డలోని పోగును చూడదు, ఎక్కడ పొడవమంటే అక్కడ పొడుస్తుంది.

మ్యాటీ గుడ్డ సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నా అభిప్రాయం చాలామంది కుట్టు టీచర్లకు నచ్చదు. మ్యాటీ గుడ్డలో పోగులు గుంపులు గుంపులుగా నేసి ఉండడం వల్ల గళ్లు ముందే ఏర్పడి ఉంటాయి. పిల్లలు మొదటిసారి సూది పట్టడానికి అది మంచిదే, నేను కూడా దాని మీదే మొదలుపెట్టిస్తాను. అయితే అక్కడే ఆగిపోతే పిల్లలకు అబ్బేది గడి లెక్క, పోగు లెక్క వారికి ఎన్నటికీ అబ్బదు. గుడ్డ అల్లిక ఎటు నుంచి ఎటు పోతుందో, పడుగు ఏదో పేక ఏదో, బిగువు ఎక్కడ సడలిందో వేళ్లతో తెలుసుకునే చదువు మ్యాటీ మీద దొరకదు. పైగా మ్యాటీ మీద కుట్టినది పటంగానో కవరుగానో మాత్రమే మిగిలిపోతుంది, ఆ గరుకు గుడ్డను ఒంటి మీద ఎవరూ వేసుకోరు. లెక్క కుట్టు చీర కొంగులోంచి, లంగా అంచులోంచి గోడ మీదకు ఎక్కిపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

అందుకే నేను కుట్టు చార్టుల గురించి కాక గుడ్డ గురించి పట్టుబడుతున్నాను. మగ్గాలకు మనకు కొదవ లేదు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ధర్మవరంలో పట్టు ఉంది. మాచాని సోమప్ప 1938లో సహకార సంఘం పెట్టి నిలబెట్టిన ఎమ్మిగనూరులో నూలు దుప్పట్ల, తువాళ్ల నేత ఉంది. కడప జిల్లాలో జమ్మలమడుగు చుట్టుపక్కల, మాధవరంలో నేత కుటుంబాలున్నాయి. లెక్క కుట్టుకు కావలసిన గుడ్డ పట్టుచీరలాగా నెలల శ్రమ కోరేది కూడా కాదు. సాదా నేత, ముతక నూలు, రంగు ఒకటే, జరీ లేదు, బుటా లేదు. కావలసిందల్లా పడుగు ఎంత ఎడంగా ఉందో పేక కూడా అంతే ఎడంగా పడేలా పేకను బిగించే దెబ్బ సమంగా ఉండడం. పడుగు దూరాన్ని మగ్గంలో దువ్వెనలా ఉండే పన్నె పట్టి ఉంచుతుంది, పేక దూరం నేతగాని చేతి లయను బట్టి ఉంటుంది. ఎమ్మిగనూరులో ఒక నేతన్నతో ఈ మాటే అన్నప్పుడు ఆయన నేను చూపిన ముక్కను వెలుతురుకు పట్టి చూసి, “ఇంత పలచగా నేస్తే నేత రానోడు నేసినాడంటారక్కా” అని నవ్వి, కాసేపటికి, “అడిగేటోళ్లుంటే నేసేదానికేం, కానీ రెండు మీటర్లకు మగ్గం కట్టలేం కదా” అన్నాడు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పడుగు ఒకసారి ఎక్కించాక ఎన్నో మీటర్లు నేస్తే తప్ప గిట్టుబాటు కాదు. ఒక్కొక్కరం విడివిడిగా అడిగితే పని జరగదు. కుట్టు నేర్పే కేంద్రాలు, పొదుపు సంఘాల మహిళలు, దర్జీలు నలుగురూ కలిసి ఒక పడుగుకు సరిపడా కొంటామని ముందే మాట ఇస్తే జరుగుతుంది.

ధర విషయంలో కూడా మనం మారాలి. మగ్గం వర్కుకు పూసను బట్టి, కుందన్ను బట్టి, పట్టిన రోజులను బట్టి లెక్క కట్టి ఇస్తున్న మనం లెక్క కుట్టు దగ్గరకు వచ్చేసరికి ‘దారమే కదా’ అంటాం. నాలుగు అంగుళాల హంస చదరంలో 3,136 గళ్లుంటాయి. సగం గళ్లే నిండినా పదిహేను వందలకు పైగా గుణకం గుర్తులు, ఒక్కో గుర్తుకు సూది రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి. గడికి ఇంత అని ధర చెప్పడం కుట్టేవారికి చిన్నతనం కాదు. గడుల లెక్క చెబితే కొనేవారికి కూడా తాము దేనికి డబ్బిస్తున్నారో తెలుస్తుంది.

గుడ్డ చేతికి వచ్చాక చేయవలసిన పరీక్ష ఒకటుంది. ముందు గుడ్డను నీళ్లలో నానబెట్టి నీడన ఆరవేయాలి, నూలు ముడుచుకునేదంతా అప్పుడే ముడుచుకోవాలి. తరువాత అంచుకు దూరంగా, మధ్యలో ఒక చోట, కొస దగ్గర ఒక చోట అంగుళం చదరాన్ని గుండుసూదులతో గుర్తు పెట్టి పడుగూ పేకా రెండూ సూదిమొనతో లెక్కపెట్టాలి. తేడా ఒక పోగుకు మించకపోతే హంసలకూ గోపురాలకూ ఆ గుడ్డ పనికొస్తుంది. రెండు మూడు పోగుల తేడా ఉంటే పారేయనక్కరలేదు. నేయ్గె వరుసలకూ, ముర్గి మెట్ల అంచులకూ సాగుడు దోషం కనిపించదు, దాన్ని లంగా అంచులకు, సంచులకు కేటాయించుకోవచ్చు. అంతకు మించి తేడా ఉంటే మాత్రం ఆ ముక్కనూ, లెక్క రాసిన చీటీనీ కలిపి నేతన్నకే తిరిగి చూపించాలి. పేక దెబ్బ ఎంత తగ్గించాలో ఎంత పెంచాలో ఆయనకు ఆ చీటీ చూస్తే చాలు.